మష్టోత్స్ అక్షరాల వెంట ఆర్మేనియాలో

మంగళవారం, యెరెవాన్

షార్జాలో విమానం మారి యెరెవాన్‌లో దిగేసరికి తెల్లవారింది. మా అక్క కూతురు ఎయిర్‌పోర్టు బయట ఎదురుచూస్తోంది. తను ఇక్కడే ఎంబీబీఎస్ చదువుతోంది. ఈ ఊళ్లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. "పిన్నీ, ముందు కాసేపు పడుకుంటావా?" అని అడిగింది. ఇక్కడి రాతప్రతుల మ్యూజియం మతెనదరాన్‌ను ఆది, సోమవారాలు మూసేస్తారనీ, మంగళవారం తెరుస్తారనీ చూసుకుని మరీ టికెట్ కొనుక్కున్నదాన్ని, నాకు నిద్రేం పడుతుంది? స్నానం చేసి, లవాష్ రొట్టెలో చీజు చుట్టుకుని తిని బయల్దేరాం.

నేను అనువాదాలు చేసుకుంటూ బతికేదాన్ని. తొలినాళ్ల బైబిలు అనువాదకుడు అనగానే అందరూ జెరోమ్ పేరు చెబుతారు. ఆయన బేత్లెహేములో కూర్చుని లాటిన్ బైబిలు పని ముగిస్తున్న రోజుల్లోనే, అంటే 405 ప్రాంతంలో, ఇంకా ఉత్తరాన మెస్రోప్ మష్టోత్స్ అనే సన్యాసి అంతకన్నా కష్టమైన పని తలకెత్తుకున్నాడు. ఆయన భాషకు అసలు లిపే లేదు. అనువాదం చేయాలంటే ముందు అక్షరాలు కావాలి, తర్వాత వాటిని చదివే మనుషులు కావాలి, ఆ మనుషులకు బడులు కావాలి. ఇవన్నీ ఒక్క జీవితకాలంలో చేసి చూపించాడు. నన్ను ఇంత దూరం రప్పించింది ఆయనే.

మతెనదరాన్ అంటే ప్రాచీన రాతప్రతుల భాండాగారం. మష్టోత్స్ పేరు పెట్టిన పెద్ద రోడ్డు చివర, కొండ వాలు మీద, బసాల్టు రాతితో 1950ల్లో కట్టారు. మెట్ల దగ్గర ఆయన విగ్రహం ఉంది. పక్కనే మోకాళ్ల మీద శిష్యుడు కోర్యున్. గోడ మీద అక్షరమాల చెక్కి ఉంది. మా అమ్మాయి "ఐబ్, బెన్, గిమ్, దా..." అంటూ చదివేసింది. మొదటి ఏడాదిలోనే వీళ్లకు ఆర్మేనియన్ నేర్పుతారట. "పేషెంట్‌తో మాట్లాడాలి కదా పిన్నీ" అంది.

మష్టోత్స్ కూర్చినవి 36 అక్షరాలు. రెండు మధ్యయుగంలో చేరాయి, ఇరవయ్యో శతాబ్దంలో చేరిన ఇంకొకటి కలిపి ఇప్పటి లెక్క 39. ఆ 36లో ఒక అందమైన ఏర్పాటు ఉంది. తొమ్మిదేసి చొప్పున నాలుగు వరుసల్లో రాస్తే మొదటి వరుస ఒకట్లు, రెండోది పదులు, మూడోది వందలు, నాలుగోది వేలు. అక్షరాలే అంకెలుగా కూడా పనికొచ్చేవి. ఆర్మేనియన్‌లో దేవుణ్ని పిలిచే మాట మొదటి అక్షరంతో మొదలవుతుంది, క్రీస్తు పేరు ఆ 36లో చివరి అక్షరంతో మొదలవుతుంది. ఎడమ నుంచి కుడికి రాస్తారు. 1600 ఏళ్లు దాటినా ఈ లిపి దాదాపు అలాగే ఉంది.

లోపల రాతప్రతులు 17 వేల దాకా ఉన్నాయంటారు. బయట పెట్టేవి చాలా కొద్ది. ఒక్క పుస్తకం దగ్గరే నేను అరగంట నిలబడిపోయాను. 1200–1202లో తోలు పత్రాల మీద రాసిన 'ముష్ ప్రసంగాలు' అది. బరువు 28 కిలోలు. దగ్గరికి వంగి చూస్తే ప్రతి అక్షరమూ వేలి గోరంత ఎత్తున, నిటారుగా, నల్లగా ఉంది. పేజీ అంచులు అక్కడక్కడా తడిసి ముడుచుకుపోయాయి. 1915లో ఆర్మేనియన్ల ఊచకోత జరుగుతున్నప్పుడు ఇద్దరు ఆడవాళ్లు దీన్ని కాపాడారు. ఒక్కరు మోయలేని బరువు కాబట్టి రెండు ముక్కలు చేసి చెరొకటి తీసుకున్నారు. ఒక ముక్క ఆర్మేనియన్ చర్చి కేంద్రమైన ఎచ్మియాజిన్ చేరింది. రెండోదాన్ని ఎర్జురుమ్‌లో పాతిపెట్టారు, అదీ తర్వాత బయటపడింది. ఇల్లూ వాకిలీ పోయి ప్రాణభయంతో పారిపోతూ, తినడానికి పనికొచ్చే మూట వదిలేసి పుస్తకాన్ని ఎత్తుకున్న ఆ తల్లులను తలుచుకుంటే నాకు ఏడుపు ఆగలేదు. పక్క అరలోనే 1434 నాటి చిన్న కేలండర్ పుస్తకం ఉంది. దాని బరువు 19 గ్రాములు.

ఇక్కడి ప్రతులు ఆర్మేనియన్లకు మాత్రమే అక్కరకొచ్చినవి కావు. గ్రీకులోనో సిరియాకులోనో మూలం పోయి, ఆర్మేనియన్ అనువాదం మాత్రమే మిగిలిన గ్రంథాలు ఉన్నాయి. రెండో శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ రాసిన 'అపొస్తలుల బోధ నిరూపణ' ఒకప్పుడు ఉండేదని పేరు మాత్రమే తెలుసు. 1904లో దాని ఆర్మేనియన్ ప్రతి యెరెవాన్‌లోనే దొరికింది. యూదు తత్వవేత్త ఫైలో రచనలు కొన్ని, చర్చి చరిత్రకారుడు యూసేబియస్ చరిత్రపట్టికలో ముఖ్యభాగం కూడా ఇలాగే మిగిలాయి. అనువాదం అంటే మూలానికి నీడ లాంటిదని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ గది చూపించాలి.

బుధవారం, ఖోర్ విరాప్

యెరెవాన్ నుంచి కారులో ముప్పావుగంట. ద్రాక్షతోటల మధ్య చిన్న గుట్ట మీద ఆశ్రమం, వెనకాల ఆకాశమంతా ఆక్రమించిన అరారత్ పర్వతం. నోవహు ఓడ ఆగిందని బైబిలు చెప్పే అరారాతు కొండల పేరే దీనిది. అందరూ ఫోటోలు తీసుకునేది ఇక్కడే. కానీ ఆ పర్వతం ఆర్మేనియాలో లేదు. ఆశ్రమం కింద పొలాలు దాటగానే సరిహద్దు కంచె, అవతల టర్కీ. 1993 నుంచి ఆ దారి మూసే ఉంది.

ఇక్కడ భూమిలోకి ఒక గొయ్యి ఉంది. నిట్టనిలువు ఇనప నిచ్చెన పట్టుకుని దిగాలి. క్రైస్తవం బోధించిన గ్రెగొరీని రాజు త్రిదాత్ 13 ఏళ్లు ఈ గోతిలోనే బంధించాడని, తర్వాత అదే రాజు 301లో క్రైస్తవాన్ని రాజ్య మతం చేశాడని ఇక్కడివాళ్ల నమ్మకం. నేను సగం దాకా దిగి, ఊపిరాడనట్టు అనిపించి పైకొచ్చేశాను.

గట్టు మీద కూర్చుని కోర్యున్ రాసిన మష్టోత్స్ చరిత్ర ఇంగ్లీషు అనువాదం తీశాను. గురువు పోయిన కొద్ది ఏళ్లకే రాసిన చిన్న పుస్తకం. ఆర్మేనియన్‌లో సొంతంగా రాసిన తొలి రచనల్లో ఇదొకటి. మనకు తెలిసిన కథలో ఎక్కువ భాగం దీన్నుంచే వచ్చింది.

రాజ్యం క్రైస్తవమై వందేళ్లు కావస్తున్నా గుడిలో చదివేది గ్రీకులోనో సిరియాకులోనో. పల్లెటూరి మనిషికి ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. పైగా 387లో దేశాన్ని రోమా, పర్షియా సామ్రాజ్యాలు పంచుకున్నాయి. మష్టోత్స్ తారోన్ ప్రాంతంలోని హత్సెకాత్స్ అనే పల్లెలో సుమారు 362లో పుట్టాడు. గ్రీకు, పర్షియన్ నేర్చుకుని రాజధాని వఘర్షపాత్‌లో రాజుగారి కొలువులో రాతకోతల ఉద్యోగం చేశాడు. అది వదిలేసి సన్యాసం పుచ్చుకుని, గొఘ్త్న్ ప్రాంతానికి వెళ్లి బోధించడం మొదలుపెట్టాడు. చదివి వినిపించేది ఒక భాష, విడమరిచి చెప్పేది ఇంకో భాష. ఇది నడిచే పని కాదని ఆయనకు అక్కడే తెలిసొచ్చింది. వెనక్కి వచ్చి కేథలికోస్, అంటే ఆర్మేనియన్ చర్చి అధిపతి సహక్‌తో, రాజు వ్రంషాపుహ్‌తో మాట్లాడాడు. ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చారు.

ముందు దానియేలు అనే సిరియా బిషప్పు దగ్గర ఏవో అక్షరాలు ఉన్నాయంటే తెప్పించారు. రెండేళ్లపాటు పిల్లలకు నేర్పారు. ఆర్మేనియన్‌లోని ధ్వనులన్నీ వాటిలో ఇమడలేదు. అప్పుడు మష్టోత్స్ శిష్యుల్ని వెంటబెట్టుకుని దక్షిణానికి, మెసొపొటేమియా వైపు బయల్దేరాడు. అమిద, ఎదెస్సా, సమొసాత. శిష్యుల్ని రెండు జట్లు చేసి కొందరికి సిరియాకు, కొందరికి గ్రీకు నేర్పించాడు. తన భాషలోని ఒక్కొక్క ధ్వనికీ ఒక్కొక్క గుర్తు కుదుర్చుకుంటూ పోయాడు. సమొసాతలో రుఫీనస్ అనే గ్రీకు లేఖకుడు ఆ గుర్తుల వంపులూ పొడవులూ తీర్చిదిద్దాడు.

ఆ ఊళ్లన్నీ ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. అమిద ఇప్పటి దియార్‌బకిర్, ఎదెస్సా ఇప్పటి ఉర్ఫా. పాత సమొసాత యూఫ్రటీస్ మీద కట్టిన అతాతుర్క్ డ్యామ్ నీళ్లలో మునిగిపోయింది. ఆయన పుట్టిన పల్లె కూడా ఆ కంచెకు అవతలే. మష్టోత్స్ తిరిగిన దారిలో ముఖ్యమైన సగాన్ని ఆయన మనుషులు ఇటు నుంచి కారేసుకుని వెళ్లి చూడలేరు. ఆ సంగతి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఇక్కడ గట్టు మీద నిలబడితేగాని నాకు బాగా ఎక్కలేదు.

గురువారం, వఘర్షపాత్

ఎచ్మియాజిన్ కేథడ్రల్ ఉన్న ఊరు ఇది. ప్రపంచంలోని అతి పాత కేథడ్రళ్లలో ఒకటని పేరు. చాలా ఏళ్ల మరమ్మతుల తర్వాత 2024లో మళ్లీ తెరిచారు. గులాబీ, బూడిద రంగు రాళ్లు కడిగినట్టు మెరుస్తున్నాయి. టూరిస్టు బస్సులు బోలెడు. 618లో కట్టిన హ్రిప్సిమే గుడి దగ్గర మాత్రం జనం పల్చగా ఉన్నారు. ఎక్కువసేపు అక్కడే గడిపాం.

మష్టోత్స్ అక్షరాలతో తిరిగొచ్చింది ఈ ఊరికే. రాజు, పెద్దలు, జనం ఊరు దాటి రాహ్ నది ఒడ్డుదాకా ఎదురెళ్లి, పాటలతో తీసుకొచ్చారని కోర్యున్ రాశాడు. అక్షరాలు తయారవగానే సమొసాతలోనే సామెతల గ్రంథంతో అనువాదం మొదలైంది. యోహాను, యోసేపు పేర్లున్న ఇద్దరు శిష్యులు ఆ పనిలో చేయి కలిపారు. మొదట ఆ అక్షరాల్లోకి వచ్చిన వాక్యం మన తెలుగు బైబిల్లో "జ్ఞానమును ఉపదేశమును అభ్యసించుటకును" అని ఉన్నదే. మా అమ్మ ఈ వాక్యం మాతో కంఠతా పట్టించేది. సువార్తలతో కాకుండా, చదువుకోవడం గురించి చెప్పే ఈ వాక్యంతో పని మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. పంతులుగారి బుర్ర అది.

ఆ తర్వాత జరిగిందే అసలు కథ. బడులు పెట్టారు. మష్టోత్స్ దేశమంతా తిరిగాడు. రోమా ఏలుబడిలో ఉన్న సగం ఆర్మేనియాలో బడులకు అనుమతి కావాలంటే కాన్‌స్టాంటినోపుల్ దాకా వెళ్లి రెండో థియొడోసియస్ చక్రవర్తి దగ్గర తెచ్చుకున్నాడు. జార్జియా, కాకసస్ అల్బేనియా (ఇప్పటి అజర్‌బైజాన్ ప్రాంతం) జనాలకు కూడా ఆయనే లిపి కూర్చాడని కోర్యున్ అంటాడు. జార్జియా పండితులు చాలామంది ఒప్పుకోరు. అల్బేనియన్ లిపి మాత్రం పూర్తిగా కనుమరుగై, 1937లో మతెనదరాన్ ప్రతుల్లో ఒకదానిలో దాని అక్షరాల పట్టిక దొరికింది. తర్వాత సీనాయి కొండ ఆశ్రమంలో, పాత రాత చెరిపేసి పైన వేరే రాత రాసిన తోలు పత్రాల అడుగున ఆ లిపిలో బైబిలు భాగాలు బయటపడ్డాయి.

428లో పర్షియా ఆర్మేనియా రాజవంశాన్ని తీసేసింది. వ్రంషాపుహ్ అప్పటికే పోయాడు. పని పెట్టినప్పుడు అండగా ఉన్న రాజ్యమే లేకుండా పోయింది. పని మాత్రం ఆగలేదు. సహక్, మష్టోత్స్ కలిసి కుర్రవాళ్లను ఎదెస్సాకూ, కాన్‌స్టాంటినోపుల్‌కూ పంపారు. యెజ్నిక్, కోర్యున్, ఘెవొంద్ వాళ్లలోవాళ్లే. 431లో ఎఫెసులో జరిగిన క్రైస్తవ మహాసభ తర్వాత వాళ్లు తిరిగి వస్తూ ఆ సభ తీర్మానాలతోపాటు మంచి గ్రీకు బైబిలు ప్రతులు తెచ్చారు. వాటితో సరిచూస్తే తమ తొలి అనువాదం హడావుడిగా జరిగిందని తేలింది. సహక్, యెజ్నిక్ కూర్చుని ఆ గ్రీకు ప్రతులు పక్కన పెట్టుకుని మళ్లీ సరిదిద్దారు. మష్టోత్స్‌కి అప్పటికి ఏడు పదులు. ఊళ్లలో పిల్లలు వల్లెవేస్తున్న పాఠాన్ని, గుళ్లలో చదువుతున్న పాఠాన్ని వాళ్లు వెనక్కి తీసుకుని దిద్దారు. అచ్చయిన పుస్తకంలో ఒక పేరా మార్చాలంటేనే మాకు టెన్షన్ వస్తుంది. అక్షరాలు కనిపెట్టడం ఎంత గొప్పదైనా, నా లెక్కలో వాళ్లు చేసిన అతి పెద్ద పని ఇదే. పద్ధెనిమిదో శతాబ్దంలో లా క్రోజ్ అనే యూరోపు పండితుడు ఆర్మేనియన్ బైబిలును 'అనువాదాల రాణి' అన్నాడు. ఆ పేరు ఈ దిద్దుబాటు వల్లే వచ్చిందని నేను నమ్ముతాను.

ఎచ్మియాజిన్‌లో ఇంకో సంగతి తెలిసి ఒళ్లు పులకరించింది. ఆర్మేనియా గడ్డ మీద తొలి అచ్చు యంత్రం 1771లో ఇక్కడే పెట్టారు. దానికి డబ్బు ఇచ్చింది మద్రాసులో స్థిరపడిన ఆర్మేనియన్ వర్తకుడు.

శుక్రవారం, ఆర్తషవాన్

అరగాత్స్ పర్వతం వాలులో, మెయిన్ రోడ్డు పక్కనే 39 అక్షరాలు మనిషంత ఎత్తున రాతితో చెక్కి నిలబెట్టారు. లిపికి 1600 ఏళ్లు నిండిన 2005లో పెట్టారు. పిల్లలు తమ పేర్లలోని అక్షరాలు వెతుక్కుని వాటిమీదికెక్కి ఫోటోలు దిగుతున్నారు. గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. ఎక్కువసేపు ఉండలేక యెరెవాన్ వచ్చేసి, రాత్రి మా అమ్మాయి రూములో ఆవకాయన్నం తిన్నాం.

శనివారం, ఓషకాన్

ఆర్మేనియన్ చర్చి ఏటా అక్టోబరు రెండో శనివారం పరిశుద్ధ అనువాదకుల పండుగ చేస్తుంది. మష్టోత్స్‌తోపాటు చరిత్రకారులు యెఘిషే, మొవ్సెస్ ఖొరెనత్సి, తత్వవేత్త దావీదు, కవులు గ్రిగోర్ నరెకత్సి, నెర్సెస్ ష్నోర్హాలి ఈ రోజున కలిసి స్మరణకు వస్తారు. అనువాదకులకు పండుగ చేసే జనం ఉన్నారని తెలిసిన రోజే అనుకున్నాను, వెళ్తే ఆ రోజుకే వెళ్లాలని.

ఓషకాన్ కసాఘ్ నది పక్కన ఉన్న పల్లె. 439 సెప్టెంబరులో సహక్ పోయాడు. అయిదు నెలలు తిరిగేసరికి 440 ఫిబ్రవరి 17న మష్టోత్స్ వఘర్షపాత్‌లో కన్ను మూశాడు. వహాన్ అమతుని అనే సామంతుడు ఆయన దేహాన్ని తన ఊరైన ఓషకాన్‌కు తెచ్చి సమాధి చేయించి, మూడేళ్లకు దాని మీద గుడి కట్టించాడు. ఇప్పుడున్న కట్టడం 1870ల్లో తిరిగి కట్టినది.

మేం వెళ్లేసరికే దారి పొడవునా కార్లు. ఆవరణలో ఒక్కో అక్షరాన్ని ఒక్కో శిలువ రాయిలా చెక్కి నిలబెట్టారు. అక్షరం లోపలే ద్రాక్ష తీగ, దానిమ్మ, పక్షి. ఒక్కోదానికి ఒక్కో పనితనం. ఒకటో తరగతిలో చేరిన పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి తొలి అక్షరం చెప్పించడం వాళ్ల ఆనవాయితీ. ఒక తాతగారు మనవరాలి చూపుడువేలు పట్టుకుని, రాతిలో చెక్కిన 'ఐబ్' గాడి వెంట మెల్లగా తిప్పిస్తున్నారు. పై నుంచి కిందికి, మళ్లీ పైకి, చివర చిన్న మెలిక. పాప ప్రతిసారీ ఆ మెలిక దగ్గర వేలు జారవిడుస్తోంది. ఆయన విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి పట్టిస్తున్నారు. బియ్యంలో దిద్దించిన మా అక్షరాభ్యాసాలు గుర్తొచ్చాయి.

లోపల షరకాన్లు పాడుతున్నారు. అవి ఆర్మేనియన్ ఆరాధన కీర్తనలు. పెద్ద ఉపవాసకాలంలో పాడే పశ్చాత్తాప కీర్తనలు మష్టోత్స్ రాసినవేనని చెబుతారు. బలిపీఠం కింద ఆయన సమాధి. ఇరుకు మెట్లు, తల వంచుకుని దిగాలి. దిగాక ఒక చిన్న రాతి గది, సమాధి రాయి, దాని మీద పువ్వులు. ఇద్దరు ముగ్గురికి మించి పట్టరు. వెనక జనం వరుసలో ఉన్నారు. మోకాళ్లూని రాయి మీద చెయ్యి ఉంచాను. తెలుగులోనే ప్రార్థన చేసుకున్నాను. మన దగ్గర పుస్తకం అట్ట మీద అనువాదకుల పేరు వేయడానికే చేతులు రావు. ఇక్కడ అనువాదకుడి సమాధి మీద బలిపీఠం కట్టుకున్నారు. ఆ రాయి తాకినప్పుడు నా వృత్తి మీద నాకు కలిగిన గౌరవం ఇన్నేళ్లలో ఎప్పుడూ కలగలేదు.

బయటికొచ్చాక ఒక పెద్దావిడ మా ఇద్దరికీ గాతా అనే తీపి రొట్టె ముక్కలు చేతిలో పెట్టింది. నేను ఏం పని చేస్తానో మా అమ్మాయి ఆవిడకు ఆర్మేనియన్‌లో చెప్పింది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని పండుగ శుభాకాంక్షలు చెప్పింది, ఈ పండుగ నాదే అన్నట్టు.

ఆదివారం, తిరుగు ప్రయాణం

పొద్దున వెర్నిసాజ్ సంతకు వెళ్లాం. వెండి, చెక్క, రాయి, గుడ్డ, దేన్ని చూసినా ఆ అక్షరాలే. మా బావకి 'ఐబ్' చెక్కిన చెక్క పలక కొన్నాను.

ఎయిర్‌పోర్టులో కూర్చుని మద్రాసు సంగతి మళ్లీ చదివాను. పదిహేడో శతాబ్దంలోనే ఆర్మేనియన్ వర్తకులు మన మచిలీపట్నం రేవులో వ్యాపారం చేశారు. మద్రాసులో స్థిరపడ్డాక అక్కడొక వీధికి వాళ్ల పేరే వచ్చింది. ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 'అజ్‌దరార్' వెలువడింది ఆర్మేనియాలో కాదు, 1794లో మద్రాసులో. నడిపినవాడు హరూత్యున్ ష్మవొన్యాన్ అనే పూజారి. ఆయన సమాధి చెన్నైలోని ఆర్మేనియన్ చర్చిలోనే ఉంది. వచ్చే నెల నాకు చెన్నైలో పని ఉంది. జార్జ్‌టౌన్‌లో ఆ చర్చి మధ్యాహ్నానికల్లా మూసేస్తారట, పొద్దున్నే వెళ్లాలి. మా అమ్మాయి నా నోటుబుక్కులో 36 అక్షరాలూ నాలుగు వరుసల్లో రాసిచ్చింది. సమాధి రాళ్ల మీద పేర్లూ, ఏళ్లూ కూడబలుక్కుని చదవడానికి ఈలోగా అవి నేర్చుకోవాలి.